ఆపతి వచ్చిన మొదటి రాత్రికి

అర్ధరాత్రి దవాఖానకు పోవాల్సి వచ్చినప్పుడు తెచ్చే అప్పే అన్ని అప్పుల్లోకి ఖరీదైనది. మిత్తి ఎంత అని బేరమాడే ఓపిక అప్పుడు ఎవరికీ ఉండదు. ఇంకో నలుగురిని అడిగి చూసే వ్యవధి కూడా ఉండదు. నల్గొండ, పాలమూరు పల్లెల్లో నూటికి రెండు రూపాయల మిత్తి మామూలు. అవసరం ముఖం మీద కనిపించిందంటే అది మూడవుతుంది, ఒక్కోసారి ఐదు కూడా అవుతుంది. మూడు రూపాయల లెక్కన 50,000 తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000 మిత్తికే పోతాయి. అసలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే డబ్బు బంగారం కుదువబెట్టి బ్యాంకులో తెస్తే మిత్తి సుమారు రూపాయి, చాలాసార్లు అంతకన్నా తక్కువే. అంటే ఏడాదికి 6,000 అటూ ఇటూ. జబ్బూ అదే, దవాఖాన బిల్లూ అదే. పన్నెండు వేల తేడా మాత్రం ఆ ఒక్క రాత్రి తొందరలో వచ్చింది.

కైకిలికి పోయే ఇల్లు, నెలకు పదిహేను వేల జీతం మీద నడిచే ఇల్లు ఆపరేషన్‌కు సరిపడా లక్షలు ముందే కూడబెట్టుకోవాలని చెప్పడం అన్యాయం. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమనే సలహా నెలనెలా జీతం పడే పట్నపు ఉద్యోగులకు పుట్టినది, మన ఇళ్లకు అతకదు. మన ఇళ్లు సిద్ధం కావాల్సింది మొదటి రెండు రోజులకు. ఆ రెండు రోజులు అప్పు లేకుండా గడిస్తే, తర్వాతి బరువు మోయడానికి ఆరోగ్యశ్రీ, ఈఎస్ఐ, మహిళా సంఘం, బీమా, బ్యాంకు ఉన్నాయి. వాటిని అందుకునే దాకా ఇంటిని నిలబెట్టేవి కొన్ని పైసలు, కొన్ని కాగితాలు, ఎవరిని అడగాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండడం.

ముందు పైసల సంగతి. ఆటోకో కారుకో కిరాయి, స్కానింగ్, రక్త పరీక్షలు, బయట కొనే మందులు, వెంట ఉన్న ఇద్దరి తిండి, రెండు రోజులు పోయిన కూలి. పెద్ద రోగమైనా మొదటి రెండు రోజుల్లో చేతి నుంచి పోయేవి ఇవే. వీటికి పదివేలు చేతిలో ఉంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సిన పని చాలావరకు తప్పుతుంది. పదివేలు ఎక్కువనిపిస్తే మూడు వేలతో మొదలుపెట్టండి. నెలనెలా సమానంగా దాచాలన్న నియమం కూడా పెట్టుకోవద్దు. మన దగ్గర రాబడి అట్లా రాదు. దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరే పని ఉంటుంది, వరి కోతల్లో పని ఉంటుంది, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లి పీకే రోజుల్లో చేతినిండా కూలి ఉంటుంది. మృగశిర ముందు రోజులు మాత్రం ఖాళీ. పని దండిగా ఉన్న నెలల్లో వారానికి ఒక రోజు కూలి పక్కన పెడితే ఖాళీ నెలల్లో పైసా పెట్టకపోయినా ఏడాదికి నిధి తయారవుతుంది.

ఈ పైసలు ఎక్కడ ఉంచాలన్నది ఎంత ఉంచాలన్నంత ముఖ్యం. రెండు మూడు వేలు ఇంట్లో నోట్ల రూపంలోనే ఉండాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో డబ్బంతా ఇంటాయన సెల్‌ఫోన్‌లో ఉంటోంది. జాతీయ రహదారి మీద బండి ప్రమాదమై ఆయనే స్పృహ తప్పితే ఆ ఫోన్ తెరిచేవాళ్లు ఉండరు. ఖాతాలో ఇరవై వేలున్నా భార్య చేతిలో వంద రూపాయలు ఉండవు. అందుకే మిగతా సొమ్ము భార్య పేరు మీద గానీ, ఇద్దరి పేర్ల మీద గానీ ఉన్న ఖాతాలో వేయండి. పోస్టాఫీసులో 500 రూపాయలతో జాయింటు పొదుపు ఖాతా తెరవొచ్చు. చిట్టీలో మాత్రం ఈ డబ్బు పెట్టవద్దు. చిట్టీ బైకుకు, ఇంటి రేకులకు పనికొస్తుంది. ఆపతి వచ్చిన రోజు పాట ఉండదు, ఉన్నా నష్టానికి పాడుకోవాలి. పైగా ఊళ్లో నడిచే చిట్టీల్లో చాలావాటికి రిజిస్ట్రేషనే లేదు, నడిపేవాడు ఊరు విడిచిపోతే అడగడానికి కాగితం కూడా ఉండదు.

మహిళా సంఘంలో సభ్యత్వం ఉన్న ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. సంఘం పొదుపులోంచి తీసుకునే చిన్న అప్పుకు మిత్తి రూపాయో రెండో ఉంటుంది, ఆ మిత్తి కూడా తిరిగి సంఘానికే వస్తుంది. 2011లో మొదలైన స్త్రీనిధి పరపతి సంస్థ నుంచి అత్యవసరానికి బ్యాంకు చుట్టూ తిరగకుండా గ్రామ సంఘం ద్వారా అప్పు దొరుకుతుంది. కానీ సమావేశాలకు పోని, కిస్తీలు సరిగ్గా కట్టని సభ్యురాలికి అవసరమైన రోజు సంఘం తలుపు తెరుచుకోదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం సంఘం సభ్యులకు 10 లక్షల ప్రమాద బీమా, చనిపోతే 2 లక్షల వరకు అప్పు మాఫీ అయ్యే రుణ బీమా ప్రకటించింది. మీ పేరు, ఆధార్ అందులో సరిగ్గా ఎక్కాయో లేదో గ్రామ సంఘం సహాయకురాలిని అడిగి తెలుసుకోండి.

వారం వారం ఇంటి ముందుకు వచ్చి వసూలు చేసుకునే ప్రైవేటు ఫైనాన్సులు వేరే దారి. ఒకదాని కిస్తీ కోసం ఇంకొకటి తీసుకుని నలిగిపోయిన కుటుంబాల బాధ చూసే 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఇప్పుడు అదే బేరం సెల్‌ఫోన్ యాప్‌ల రూపంలో వస్తోంది. ఐదు నిమిషాల్లో పైసలిచ్చే యాప్ మన ఫోన్‌లోని నంబర్లన్నీ తీసుకుని చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీస్తుంది. ఎంత ఆపతైనా అటు పోకండి. అర తులం బంగారం ఇంట్లో ఉంటే దాన్ని అమ్మకుండా కుదువబెట్టుకునే బ్యాంకు ఏదో ముందే చూసుకుని, అక్కడ ఖాతా తెరిచి ఉంచుకోండి.

ఇక దవాఖాన. 108 కు ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితంగా వస్తుంది. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. అంతకుముందు హైదరాబాదుకు పరుగెత్తిన కేసుల్లో చాలావాటికి ఇప్పుడు జిల్లాలోనే డాక్టర్లున్నారు. ఆరోగ్యశ్రీ 2007లో మొదటి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. అయినా ఎంతోమంది అడ్వాన్సు కట్టి చేరిన తర్వాతే దాని గురించి అడుగుతారు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరేముందే, పథకం తరఫున అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోయి రెండు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బు పథకంలో ఉందా? ఈ ఆసుపత్రికి ఆ జబ్బుకు అనుమతి ఉందా? రెంటికీ అవునంటేనే చేరండి. రేషన్ కార్డులో కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు ఎక్కించకపోతే ఆరోగ్యశ్రీ దగ్గర చిక్కు వస్తుంది. ఆ పని నిమ్మళంగా ఉన్న రోజుల్లోనే చేసుకోవాలి.

బీమా అంటే ఏజెంట్ గుర్తొచ్చి చాలామంది ముఖం తిప్పుకుంటారు. నేను చెప్పేవి ప్రధానమంత్రి పేరుతో ఉన్న కేంద్ర పథకాలు రెండు, రెంటికీ ఏజెంట్ అక్కర్లేదు. సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వికలాంగులైనా 2 లక్షలు వస్తాయి. జీవన్ జ్యోతికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, 55 దాకా కొనసాగించొచ్చు. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది. రెండూ కలిపి మనిషికి 456 రూపాయలు. బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ ఒక ఫారం నింపితే ప్రతి మే చివరి వారంలో ఖాతాలోంచి కోసుకుంటారు. సరిగ్గా అప్పుడే ఖాతాలు ఖాళీగా ఉండి బీమా తెగిపోతుంది. మగవాళ్ల పేరు మీద మాత్రమే కట్టే అలవాటు కూడా మంచిది కాదు. పత్తి చేలలో ఎక్కువ రోజులు వంగి పనిచేసేది ఆడవాళ్లు. ఆమె పోతే ఇంటికి రాబడి, చాకిరీ, పిల్లల ఆలనా అన్నీ ఒక్కసారే పోతాయి.

బీమా ఉండి కూడా డబ్బు రాని ఇళ్లున్నాయి. పొలంలో పాము కరిచి మనిషి పోతే దుఃఖంలో పోస్టుమార్టం వద్దని దహనం చేసేస్తారు. ప్రమాద బీమాకు పోలీసు కేసు, పోస్టుమార్టం కాగితం కావాలి. పాము కాటు, చెట్టు మీంచి పడడం లాంటివాటికి వెంటనే దవాఖానకు తీసుకుపోయినట్టు అక్కడి రికార్డు చూపాలి. మంత్రగాడి దగ్గర పోయే గంట ప్రాణమూ తీస్తుంది, ఆ రికార్డూ లేకుండా చేస్తుంది. పాము కాటుకు విరుగుడు సూది ప్రభుత్వ దవాఖానలో ఉంటుంది, నేరుగా అక్కడికే పోవాలి. క్లెయిమ్ ఫారం 30 రోజుల లోపు బ్యాంకులో ఇవ్వాలి. కర్మకాండల హడావుడిలో ఈ గడువు దాటిపోకుండా చూసే బాధ్యత దగ్గరి చుట్టాల్లో ఒకరు తీసుకోవాలి.

పట్టా భూమి ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతులకు 2018 ఆగస్టు 14 నుంచి రైతు బీమా ఉంది. పైసా కట్టకుండా 5 లక్షలు. చాలామంది పాత రోజుల్లో తల్లి పేరో తండ్రి పేరో నామినీగా రాయించి, వాళ్లు పోయిన తర్వాత మార్చడం మరిచిపోయారు. ఆధార్‌లో అందాజగా రాసిన పుట్టిన సంవత్సరం వల్ల యాభై ఐదేళ్ల మనిషి అరవై దాటినట్టు చూపిస్తే బీమా ఉండదు. కౌలు రైతుకు, భూమి లేని కూలికి ఈ బీమా లేదు. కాబట్టి ఆ ఇళ్లకు పైన చెప్పిన 456 రూపాయలు మరీ అవసరం.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ మందుల కంపెనీల్లోనో, కొత్తూరు ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్లకు ఇంకో అండ ఉంది. దాన్ని వాళ్లే సగం వాడుకోరు. జీతం 21,000 లోపు ఉంటే కాంట్రాక్టు కార్మికుడికి కూడా ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో మీరు కట్టేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. దానితో ఇంటిల్లిపాదికి వైద్యం దొరుకుతుంది. జబ్బుతో పనికి పోలేకపోతే చందా నిబంధనలను బట్టి ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం కూలి వస్తుంది. పీఎఫ్ ఉన్న ఉద్యోగి నౌకరీలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకు బీమా సొమ్ము వస్తుంది, దీనికి ఉద్యోగి జీతంలోంచి ఏమీ కోయరు. జీతం స్లిప్పులో కోత చూపించి పీఎఫ్ కట్టని కాంట్రాక్టర్లు ఉన్నారు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి రెండు నెలలకోసారి చూసుకోండి. భార్యాబిడ్డల పేర్లను ఈఎస్ఐ కార్డులో, పీఎఫ్ నామినేషన్‌లో ఎక్కించండి. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లి తర్వాత చెల్లదు.

ముంబైకి, పుణెకి వలసపోయే నారాయణపేట, మక్తల్ వైపు కుటుంబాలకు ఆపతి రెండు చోట్ల ఉంటుంది. పనిచోట ఏమైనా అయితే ఊళ్లోవాళ్లకు తెలియదు, ఊళ్లో ముసలివాళ్లకు ఏమైనా అయితే అక్కడ తెలియదు. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, పనిచేసే చోటు అడ్రసు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి పోవాలి. భవన నిర్మాణ కూలీలు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే కార్మిక శాఖలో సంక్షేమ బోర్డు కార్డు తీసుకోవచ్చు. జాతీయ ఆహార భద్రత కింద ఉన్న రేషన్ కార్డు ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. దాంతో బియ్యం కొనే ఖర్చు తగ్గిన ఇల్లు మిగిలిన పైసల్లో కొంత ఆపతి నిధిలో వేయగలదు.

చివరగా కాగితాలు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి రాజోలి, అలంపురం మునిగినప్పుడు ఇళ్లతోపాటు బీరువాల్లోని కాగితాలూ నీళ్లపాలయ్యాయి. ఆధార్, రేషన్ కార్డు, పట్టా పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, బీమా రసీదుల జిరాక్సులు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దూలం మీద ఎత్తున ఉంచండి. వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ములకో ఆడబిడ్డకో ఒక జత ఇవ్వండి. చదువుకునే పిల్లలు ఉంటే డిజిలాకర్‌లో ఎక్కించమని చెప్పండి. ఆ కవర్ మీదే 108, సంఘం అధ్యక్షురాలి నంబరు, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో పదేళ్ల పిల్లకు కూడా ఆ కవర్ ఎక్కడుందో తెలియాలి.

ఈ పనులన్నీ ఒక్కరోజులో కావు, కానక్కర్లేదు. ఈ వారం అంగడికి పోయినప్పుడు బ్యాంకులో ఆగి, మీ ఖాతాలో ఏ బీమా ఉందో, నామినీగా ఎవరి పేరుందో అడగండి. ఆ పేరు గల మనిషి ఇప్పుడు లేకపోతే అక్కడే ఫారం తీసుకుని మార్పించండి.