స్థూలకాయం: వారసత్వం ఎంత? అలవాటు ఎంత?

లావుగా ఉన్నవారిని చూడగానే “నోరు కట్టుకోలేడు” అనేస్తాం. ఒకే ఇంట్లో, ఒకే వంట తిని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరు బక్కగా, మరొకరు బొద్దుగా ఎందుకుంటారో మాత్రం ఆలోచించం.

1986లో స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో చిన్ననాడే దత్తత వెళ్లి పెద్దవారైన 540 మందిని పరిశీలించింది. వారి శరీర తీరు పెంచినవారితో కాక, కన్నవారితో పోలింది. మనుషుల మధ్య బరువు తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా జన్యువులకు సంబంధించినవేనని కవలలపై అధ్యయనాలు సూచిస్తున్నాయి.

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుగొంది. కొవ్వు కణాల్లో తయారయ్యే ఈ హార్మోన్, శరీరంలో నిల్వలు చాలినన్ని ఉన్నాయని మెదడుకు తెలుపుతుంది. 1997లో ఇంగ్లండ్‌లో, పాకిస్తాన్ మూలాలున్న కుటుంబంలో దగ్గరి బంధువులైన ఇద్దరు పిల్లలకు లెప్టిన్ లోపం ఉన్నట్టు తేలింది. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు ఉండేది. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చాక ఆకలీ బరువూ తగ్గాయి.

ఈ లోపం చాలా అరుదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి దెబ్బతిన్న జన్యువు వస్తేనే బయటపడుతుంది. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికాలు చేసుకునే మన ప్రాంతపు కుటుంబాలన్నీ ఇది గమనించాలి.

మిగతావారిలో అనేక జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపుతాయి. 2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యు రకం ఇద్దరి నుంచీ వచ్చినవారు సగటున 3 కిలోలు ఎక్కువ తూగుతారు. అయితే రోజూ ఒళ్లు వంచేవారిలో ఆ ప్రభావం పాతిక శాతానికి పైగా తగ్గినట్టు 2011లో వెల్లడైంది. అంటే వారసత్వం ఉన్నా మన చేతిలోనూ కొంత ఉంది.

మనం ఏం చేయాలి?

భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదు. తల్లిదండ్రులు లావుగా ఉంటే పిల్లల విషయంలో ముందే జాగ్రత్తపడాలి. ఒక్క బిడ్డ కంచంలో కోత పెట్టకుండా, ఇంటిల్లిపాదీ నూనె, తీపి తగ్గించి నడక పెంచాలి. పసితనం నుంచే తీరని ఆకలితో వేగంగా బరువు పెరిగే బిడ్డను వెంటనే పిల్లల డాక్టరుకు చూపాలి.

దావత్‌లో నలుగురి ముందు ఆ బిడ్డ కంచం వైపు చూసి నవ్వడం ఇకనైనా మానుదాం. ఎగతాళితో ఎవరి బరువూ తగ్గదు.