మైక్రో ఏటీఎం మొరాయిస్తే... బ్యాటరీ, ఫర్మ్‌వేర్ సమస్యలపై ఒక పాఠం

నెల మొదటి వారంలో మన బ్యాంకు మిత్రల దగ్గర వరుస ఎలా ఉంటుందో గ్రామీణ శాఖల్లో పనిచేసిన వారికి చెప్పనక్కర్లేదు. వృద్ధాప్య పింఛను తీసుకోవడానికి ఎండలో నడిచి వచ్చిన అవ్వ వేలు పెట్టే సమయానికి చేతిలోని యంత్రం ఆరిపోతే, ఆమె దృష్టిలో ఆగిపోయింది యంత్రం కాదు, బ్యాంకు. పుదుచ్చేరిలో ఆర్థిక చేరిక విభాగం బాధ్యతలు చూస్తున్నప్పటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినబడే మాటలు రెండు: 'ఛార్జింగ్ నిలవడం లేదు', 'అప్‌డేట్ తరువాత పనిచేయడం లేదు'. సాంకేతిక విభాగం వారికి ఇవి చిన్న విషయాలు కావచ్చు. కానీ యంత్రాన్ని మరమ్మతుకు పంపితే ఆ గ్రామానికి అన్ని రోజులూ బ్యాంకు లేనట్టే. అందుకే శాఖ స్థాయిలో మనమే ఎంతవరకు కారణం కనిపెట్టగలమో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

చేతిలో ఇమిడే లినక్స్ కంప్యూటర్

మైక్రో ఏటీఎం అనగానే కార్డు గీసే పెట్టె అనుకుంటాం. నిజానికి అది ఒక పూర్తి కంప్యూటర్. ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్, సిమ్, చిన్న ప్రింటర్, వేలిముద్ర స్కానర్ అన్నీ అందులో ఉంటాయి. పాత యంత్రాల్లో చాలావాటిలో నేరుగా లినక్స్ ఉండేది. ఇప్పుడు వస్తున్న ఆండ్రాయిడ్ యంత్రాలకూ లోపల పునాది లినక్స్ కెర్నలే.

ఈ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కలిసి రూపొందించిన 'సింప్యూటర్' 2001లో ప్రపంచానికి పరిచయమైంది. అది లినక్స్‌పై నడిచే చేతి కంప్యూటర్. స్మార్ట్ కార్డు పెట్టే చోటు ఉండేది. ఒకే యంత్రాన్ని ఊరంతా పంచుకోవాలని, ఎవరి వివరాలు వారి కార్డులో ఉండాలని దాని ఉద్దేశం. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ భాగస్వామ్యంతో 'అమిడా సింప్యూటర్' మార్కెట్లోకి వచ్చింది. సెల్‌ఫోన్ల ధరలు దిగిరావడంతో అది ఇంటింటికీ చేరలేదు. 2006 జనవరిలో రిజర్వు బ్యాంకు బిజినెస్ కరస్పాండెంట్ పద్ధతికి అనుమతినిచ్చాక, 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన మొదలయ్యాక, 'ఊరంతటికీ ఒక యంత్రం' అన్న ఆ ఊహే మరో రూపంలో మన బ్యాంకు మిత్ర చేతికి వచ్చింది.

ముందు లక్షణం, తరువాత కారణం

మన పుదుచ్చేరి పరిధిలోని యానాం కాకినాడ పక్కన, గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి బ్యాంకు మిత్ర ఒకరు ఫోన్ చేసి, "సారండీ, రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా పదకొండు కొట్టేసరికి కళ్ళు మూసేస్తందండి ఈ మెషీను. రెండుసార్లు సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చారు గానండీ, మళ్ళీ అదే తంతు" అన్నారు.

మేనేజ్‌మెంట్ పాఠాల్లో టయోటా వారి 'ఐదుసార్లు ఎందుకు' అనే పద్ధతి చదివే ఉంటారు. అదే ఇక్కడ పనికొచ్చింది. 'ఆగిపోతోంది' అన్నది ఫిర్యాదు మాత్రమే. ఎప్పుడు ఆగిపోతోంది అని అడిగితే, రసీదు ముద్రణ మొదలవగానే అన్నారు. అప్పుడు తెరపై ఎంత ఛార్జింగ్ చూపిస్తోంది అంటే, ముప్పై శాతం పైనే అన్నారు. అంటే బ్యాటరీ ఖాళీ కావడం లేదు, బరువు పడగానే కుంగిపోతోంది. ఎందుకు? బ్యాటరీ పాతబడింది. అంత త్వరగా ఎందుకు పాతబడింది? రేకుల షెడ్డులో, మే నెల వేడిలో, రోజూ రాత్రంతా ఛార్జరుకే ఉంటోంది. ఎవరూ ఎందుకు గమనించలేదు? బ్యాటరీ ఎప్పుడు వేశారో ఎక్కడా రాసి లేదు.

నిర్ధారణకు మార్పిడి పరీక్ష చేయించాం. అదే మోడల్ యంత్రం మరొకటి తెచ్చి, రెండూ స్విచ్ ఆఫ్ చేసి, బ్యాటరీలు తారుమారు చేశారు. జబ్బు బ్యాటరీతోపాటే రెండో యంత్రంలోకి వెళ్ళింది. సాఫ్ట్‌వేర్‌కు దీనితో సంబంధం లేదని తేలడానికి పట్టింది పది నిమిషాలు. ఒకసారికి ఒకే మార్పు చేయాలి, ఫలితం చూడాలి. బ్యాటరీ, ఫర్మ్‌వేర్, సిమ్ మూడూ ఒకేసారి మారిస్తే యంత్రం బాగుపడినా కారణం మాత్రం తెలియదు.

ఛార్జింగ్ ఎటు పోతోంది?

మొదటిది, నిద్రపోని యంత్రం. తెర ఆరినంత మాత్రాన యంత్రం నిద్రపోయినట్టు కాదు. ఉదాహరణకు 2,600 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ తీసుకుందాం. యంత్రం నిజంగా నిద్రపోయి 10 మిల్లీ ఆంపియర్లు మాత్రమే వాడితే 260 గంటలు నిలుస్తుంది. ఏదో ఒక ప్రోగ్రాం దాన్ని మేల్కొలిపి ఉంచి 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే 17 గంటలకే ఖాళీ. శనివారం సాయంత్రం పక్కన పెట్టిన యంత్రం సోమవారం ఉదయం లేవకపోవడానికి తరచుగా ఇదే కారణం. యూఎస్‌బీకి తగిలించి వదిలేసిన వేలిముద్ర స్కానర్ కూడా యంత్రం బ్యాటరీనే తాగుతుంది. పని అయ్యాక తీసేయాలి. ఆండ్రాయిడ్ యంత్రాల్లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ వాడకం పట్టిక చూస్తే దోషి దొరుకుతుంది.

రెండోది, అందని సిగ్నల్. టవర్ దూరమైనకొద్దీ మోడెమ్ గొంతు పెంచి అరవాలి. 2జీ మోడెమ్ సిగ్నల్ పంపే క్షణాల్లో రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. అదే యంత్రం శాఖలో సాయంత్రం దాకా నిలిచి, ఊళ్ళో మధ్యాహ్నానికే దిగిపోతే, ముందు అనుమానించాల్సింది బ్యాటరీని కాదు, సిగ్నల్‌ను. ఆ ఊళ్ళో బాగా అందే నెట్‌వర్క్ సిమ్ వేసి చూడండి.

మూడోది, ప్రింటర్. థర్మల్ ప్రింటర్ కాగితాన్ని వేడితో నల్లబరుస్తుంది కనుక ఆ కొన్ని సెకన్లు యంత్రంలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు దానికే కావాలి. రెండు సెల్‌ల లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 7.4 వోల్టులు ఇస్తుంది. ఆరు వోల్టుల కిందికి దిగితే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందనుకుందాం. ప్రింటర్ మూడు ఆంపియర్లు అడిగితే, లోపలి నిరోధం 0.15 ఓమ్ ఉన్న కొత్త బ్యాటరీలో తగ్గుదల 0.45 వోల్టు మాత్రమే. పాతబడి నిరోధం 0.6 ఓమ్‌కు పెరిగితే తగ్గుదల 1.8 వోల్టులు. మిగిలేది 5.6. యంత్రం ఆరిపోతుంది. యానాంలో జరిగింది ఇదే.

నాలుగోది, తప్పు చెప్పే లెక్క. తెరపై కనబడే శాతం లోపలి చిప్ వేసే అంచనా. బ్యాటరీ మారినా, ఎన్నాళ్ళో సగం సగం ఛార్జింగ్‌తో నడిచినా ఆ అంచనా చెదురుతుంది. ఒకసారి నిండా ఛార్జ్ చేసి, యంత్రం తనంతట ఆగేదాకా వాడి, మళ్ళీ నిండా ఛార్జ్ చేస్తే లెక్క చాలావరకు సర్దుకుంటుంది. ఇది అప్పుడప్పుడు చేయాల్సిన పనే. రోజూ పూర్తిగా ఖాళీ చేస్తే లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

వీటికి తోడు మన తీర ప్రాంతపు ఉప్పు గాలి. బ్యాటరీ, ఛార్జరు మొనలపై పచ్చటి లేదా తెల్లటి పూత కనబడితే యంత్రం ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. స్కూటర్ డిక్కీలో, ఎండలో యంత్రాన్ని వదలకూడదు. ఉబ్బిన బ్యాటరీ కనబడితే ఇక ఏ పరీక్షా వద్దు. ఛార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా, గుచ్చకుండా పక్కన పెట్టి సరఫరాదారుకు అప్పగించండి.

తేదీ తప్పితే సర్వర్ తప్పినట్టే

ఇది చాలామంది దృష్టికి రాని సంగతి. యంత్రంలోని గడియారం తేదీని నిలుపుకోవడానికి కూడా కొంత విద్యుత్తు కావాలి. యంత్రం చాలాకాలం పూర్తిగా ఖాళీగా పడి ఉంటే తేదీ మొదటికి వచ్చేస్తుంది. లినక్స్ కుటుంబానికి కాలగణన 1970 జనవరి 1తో మొదలు కనుక కొన్ని యంత్రాలు ఆ తేదీనే చూపిస్తాయి. అప్పుడు బ్యాంకు సర్వర్ భద్రతా ధ్రువపత్రాన్ని చూసి, 'ఇది ఇంకా చెల్లుబాటులోకి రాలేదు' అని యంత్రం తిరస్కరిస్తుంది. తెరపై మాత్రం 'సర్వర్‌తో అనుసంధానం కుదరలేదు' అని వస్తుంది. మనం నెట్‌వర్క్‌ను తిడుతూ కూర్చుంటాం. కనుక అనుసంధానం ఫిర్యాదు రాగానే ముందు తేదీ, సమయం చూడండి.

పిన్ నమోదు చేసే యంత్రాల్లో రహస్య తాళాలను కాపాడే చిన్న బ్యాటరీ విడిగా ఉంటుంది. మూత తెరిచినా, ఆ చిన్న బ్యాటరీ అయిపోయినా తాళాలు చెరిగిపోతాయి, యంత్రం లావాదేవీలకు పనికిరాదు. అందుకే స్క్రూడ్రైవర్ జోలికి వెళ్ళవద్దు. వాడకుండా ఉంచిన యంత్రాన్ని సగం ఛార్జింగ్‌తో చల్లటి చోట ఉంచి, నెలకోసారి ఛార్జ్ చేయాలి.

ఫర్మ్‌వేర్ మార్చే ముందు

ఫర్మ్‌వేర్ అంటే యంత్రాన్ని లేపి, భాగాలన్నిటినీ పరిచయం చేసే మూల సాఫ్ట్‌వేర్. అది రాస్తుండగా కరెంటు పోతే యంత్రం లేవడమే మానేయవచ్చు. అందువల్ల రోజు ముగింపు లెక్క పూర్తిచేశాక, పెండింగ్ లావాదేవీలు ఏవీ లేవని చూసుకున్నాక, బ్యాటరీ సగానికి పైన ఉండి ఛార్జరు కూడా తగిలించి ఉన్నప్పుడే అప్‌డేట్ మొదలుపెట్టాలి. పింఛన్ల వారంలో అసలు వద్దు. పాత, కొత్త వెర్షన్ సంఖ్యలు రాసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు, ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. బ్యాంకు ఆమోదించిన సర్వర్ నుంచి, డిజిటల్ సంతకంతో వచ్చినదే ఫర్మ్‌వేర్.

అప్‌డేట్ తరువాత ఛార్జింగ్ త్వరగా దిగుతోందని అనిపిస్తే ఒక రాత్రి పరీక్ష చాలు. సాయంత్రం శాతం రాసి, సిమ్, స్కానర్ తీసి పక్కన పెట్టండి. ఉదయం మళ్ళీ రాయండి. మరుసటి రాత్రి సిమ్‌తో అదే పరీక్ష చేయండి. మొదటి రాత్రే బాగా దిగితే సాఫ్ట్‌వేర్ లేదా బ్యాటరీ, రెండో రాత్రి మాత్రమే దిగితే నెట్‌వర్క్ భాగం. ఈ రెండు అంకెలతో ఫిర్యాదు పంపితే సరఫరాదారు 'రీసెట్ చేసి చూడండి' అని దాటవేయలేరు.

మధ్యలో ఆగితే ఖాతాదారు సంగతి?

అసలు నష్టం ఇక్కడ ఉంది. వేలిముద్ర సర్వర్‌కు చేరి ఖాతాలో డెబిట్ అయ్యాక, రసీదు వచ్చే లోపల యంత్రం ఆరిపోవచ్చు. బ్యాంకు మిత్రకు విజయవంతమైన సందేశం రాలేదు కనుక నగదు ఇవ్వరు. అవ్వ ఖాతాలో మాత్రం డబ్బు తగ్గింది. అలాంటప్పుడు వెంటనే మళ్ళీ వేలు పెట్టించకూడదు. యంత్రం లేచాక ముందు లావాదేవీ స్థితి, మినీ స్టేట్‌మెంట్ చూడాలి. పన్నెండు అంకెల రిఫరెన్స్ సంఖ్య రాసి ఇవ్వాలి. 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం మైక్రో ఏటీఎంలో డెబిట్ అయి నగదు అందకపోతే, లావాదేవీ రోజు తరువాత ఐదు రోజుల్లోగా బ్యాంకే సొమ్ము తిరిగి జమచేయాలి. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఖాతాదారు అడిగేదాకా ఆగకూడదు. ఐదు రోజులు మనకు గడువే, కానీ ఆమెకు అది మందుల డబ్బు.

శాఖలో పాటించదగినవి

1. ప్రతి యంత్రానికీ ఒక పేజీ: బ్యాటరీ వేసిన తేదీ, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఫిర్యాదులు.
2. ఒక్కో మోడల్‌కు ఒక మంచి బ్యాటరీ శాఖలో అదనంగా ఉంచడం.
3. పింఛన్ల వారానికి రెండు రోజుల ముందు ప్రతి యంత్రంలోనూ వరుసగా ఐదు పరీక్ష రసీదులు ముద్రించి చూడడం. బలహీన బ్యాటరీ అక్కడే బయటపడుతుంది.
4. ఫిర్యాదు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు: ఏం చేస్తుండగా? ఎంత శాతం దగ్గర? ఏ ఊళ్ళో? ఏ మార్పు తరువాత?
5. ఆగిపోయిన ప్రతి లావాదేవీ వివరం ఆ సాయంత్రమే శాఖకు చేరడం.

వీటిలో ఏదీ ఇంజినీరు మాత్రమే చేయగల పని కాదు. ఒక నోటుపుస్తకం, ఒక అదనపు బ్యాటరీ, అడగాల్సిన ప్రశ్న అడిగే ఓపిక ఉంటే చాలు. వచ్చే నెల ఒకటో తారీఖుకు ముందే మీ శాఖ పరిధిలోని యంత్రాల పేజీలు తెరవండి. మీరు కనుగొన్న చిట్కాలేమైనా ఉంటే తప్పక పంచుకోండి, మిగతా శాఖలకూ పనికొస్తాయి.