డ్రాఫ్టులో ముందు ఎవరి పేరు పిలుస్తారు? విఫిల్ బాల్ నేర్పే అంచనాల పాఠం

వీధి క్రికెట్ మొదలయ్యే ముందు ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడతారు. వంతులవారీగా ఒక్కొక్కరి పేరు పిలుస్తూ జట్లు కట్టుకుంటారు. ముందు ఎవరి పేరు వస్తుంది, చివరికి ఎవరు మిగులుతారు అన్నది అక్కడున్న ప్రతి పిల్లవాడూ మనసులో లెక్క వేసుకుంటాడు. అమెరికాలో విఫిల్ బాల్ ఆడే ఔత్సాహిక లీగుల్లో కూడా ఇలా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి ఉంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. డ్రాఫ్ట్ జరగక ముందే ఆ వరసను ఊహించి చెప్పగలమా? ఈ చిన్న ప్రశ్న వెంట వెళితే గణాంకశాస్త్రంలో చాలా ముఖ్యమైన రెండు మూడు విషయాలు తెలుస్తాయి.

ఆట గురించి కొంత

విఫిల్ బాల్ అంటే చిన్న జాగాలో ఆడుకునే బేస్‌బాల్ లాంటి ఆట. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, ఫెయిర్‌ఫీల్డ్ ఊళ్లో డేవిడ్ ముల్లనీ అనే ఆయన 1953లో తన 12 ఏళ్ల కొడుకు కోసం ఈ బంతిని తయారు చేశారు. ఇది బోలుగా ఉండే తేలికైన ప్లాస్టిక్ బంతి. ఒక సగంలో కోలగా ఉండే 8 రంధ్రాలు ఉంటాయి, రెండో సగం నున్నగా ఉంటుంది. రెండు వైపులా గాలి ఒకేలా పారదు కాబట్టి, పెద్దగా బలం లేకుండానే బంతి గాలిలో వంపు తిరుగుతుంది. బ్యాటు ఊపినా బంతి తగలకపోవడాన్ని అక్కడి పిల్లలు ‘విఫ్’ అనేవారు. ఆట పేరు ఆ మాట నుంచే వచ్చింది.

బంతి తేలిక కాబట్టి కిటికీ అద్దాలకు భయం లేదు. అసలు నియమాల ప్రకారం పరుగెత్తే పని కూడా లేదు. బంతి ఎంత దూరంలో పడిందో చూసి ఫలితం లెక్కిస్తారు. అందుకే పెరట్లోనూ ఆడుకోవచ్చు. ఔత్సాహిక లీగుల్లో ఆడేవాళ్లు ఉద్యోగాలు, చదువుల మధ్య తీరిక చేసుకుని వచ్చేవాళ్లే. ఒక్కొక్కరు ఆడే ఆటలు తక్కువ, వాటి నుంచి దొరికే అంకెలు ఇంకా తక్కువ. మన లెక్కకు అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రెండు ప్రశ్నలను కలపకూడదు

ఐపీఎల్ వేలంలో ఆటగాడి విలువ రూపాయల్లో కనిపిస్తుంది. డ్రాఫ్టులో డబ్బు ఉండదు, వరస మాత్రమే ఉంటుంది. ఆ వరసను ఊహించాలంటే రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు వెతకాలి.

మొదటిది: ఎవరు నిజంగా బాగా ఆడతారు?
రెండోది: కెప్టెన్లు ఎవరిని బాగా ఆడేవాళ్లుగా అనుకుంటున్నారు?

ఈ రెండింటి జవాబులు ఒకటే కావాలని లేదు. వీటిని కలిపేస్తే రెండూ తప్పుతాయి. ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం.

మొదటి ప్రశ్న: కొద్ది ఆటలతో నైపుణ్యాన్ని కొలవడం

ఒక లీగులో క, గ, చ, జ అనే నలుగురు ఆటగాళ్లు ఉన్నారనుకుందాం. బేస్‌బాల్ కుటుంబపు ఆటల్లో బ్యాటింగ్ సగటు అంటే ‘ఎన్ని ప్రయత్నాల్లో ఎన్ని హిట్లు’ అనే నిష్పత్తి. క్రికెట్ సగటు లాంటిది కాదు. లీగు మొత్తం మీద ఈ సగటు 0.250 అనుకుందాం.

క: 20 ప్రయత్నాల్లో 8 హిట్లు, సగటు 0.400
గ: 200 ప్రయత్నాల్లో 60 హిట్లు, సగటు 0.300
చ: 100 ప్రయత్నాల్లో 22 హిట్లు, సగటు 0.220
జ: కొత్త ఆటగాడు, ఇంకా ఒక్క ప్రయత్నం కూడా లేదు

పైకి చూస్తే క అందరికంటే మేటి. కానీ నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే 13 సార్లు బొమ్మ పడటం వింతేమీ కాదు, 200 సార్లలో 130 సార్లు పడితే మాత్రం ఆ నాణేన్ని అనుమానించాలి. అలాగే 20 ప్రయత్నాల్లో అదృష్టం పాలు ఎక్కువ. సగటు ఆటగాడే 20 ప్రయత్నాలు చేసినా, అతని సగటు అదృష్టం వల్ల మాత్రమే దాదాపు 0.097 మేర అటూ ఇటూ ఊగడం మామూలే. 200 ప్రయత్నాలకు ఆ ఊగిసలాట 0.031కి తగ్గుతుంది.

దీనికి గణాంకశాస్త్రం చెప్పే ఉపాయం సరళమైనది. ప్రతి ఆటగాడి ఖాతాలో లీగు సగటుతో ఆడిన కొన్ని ఊహా ప్రయత్నాలను ముందుగానే జమ చేయాలి. ఇక్కడ 60 ప్రయత్నాలు, వాటిలో 15 హిట్లు (60లో 0.250 వంతు) కలుపుదాం.

క: (8 + 15) ÷ (20 + 60) = 23 ÷ 80 = 0.288
గ: (60 + 15) ÷ (200 + 60) = 75 ÷ 260 = 0.288
చ: (22 + 15) ÷ (100 + 60) = 37 ÷ 160 = 0.231
జ: (0 + 15) ÷ (0 + 60) = 15 ÷ 60 = 0.250

క, గ ఇద్దరూ దాదాపు సమానమయ్యారు. క సగటు బాగా తగ్గింది, గ సగటు కొంచెమే తగ్గింది. సమాచారం తక్కువగా ఉన్నవారిని సగటు వైపు ఎక్కువగా, సమాచారం ఎక్కువగా ఉన్నవారిని తక్కువగా లాగడమే ఈ పద్ధతి. దీన్ని ‘కుదింపు’ అనవచ్చు.

60 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆటగాళ్ల అసలు నైపుణ్యాల మధ్య ఎంత తేడా ఉంటుందన్న దాని నుంచి. ఈ ఉదాహరణలో నైపుణ్యాల ప్రామాణిక విచలనం 0.056 అనుకున్నాం. దాని వర్గం సుమారు 0.0031. లీగు సగటు 0.25ను మిగిలిన 0.75తో గుణించి, ఆ 0.0031తో భాగిస్తే 60 వస్తుంది. ఆటగాళ్ల మధ్య తేడాలు ఎక్కువగా ఉన్న లీగులో ఈ అంకె తగ్గుతుంది, అందరూ ఒకే స్థాయిలో ఉంటే పెరుగుతుంది. నిజమైన లీగులో గత సీజన్ల అంకెల నుంచి ఈ విచలనాన్ని లెక్కగట్టాలి.

ఇది నిజంగా పనిచేస్తుందా?

ఈ ఆలోచనకు పునాది వేసినవారు చార్లెస్ స్టైన్. 1956లో ఆయన, 1961లో విల్లర్డ్ జేమ్స్‌తో కలిసి చూపిన ఫలితం అప్పటి గణాంకవేత్తలను ఆశ్చర్యపరిచింది. మూడు లేదా అంతకంటే ఎక్కువ పరిమాణాలను ఒకేసారి అంచనా వేసేటప్పుడు, ఒక్కోదానికి దాని సొంత సగటునే తీసుకోవడం కంటే మొత్తం మీద మెరుగైన పద్ధతి ఉందని వాళ్లు నిరూపించారు.

1970లలో బ్రాడ్లీ ఎఫ్రన్, కార్ల్ మోరిస్ దీన్ని బేస్‌బాల్‌తో పరీక్షించారు. 1970 సీజన్‌లో 18 మంది ఆటగాళ్ల మొదటి 45 ప్రయత్నాలను తీసుకున్నారు. వారిలో రాబర్టో క్లెమెంటే 45లో 18 హిట్లు కొట్టి 0.400తో ముందున్నారు. 18 మంది ఉమ్మడి సగటు 0.265. ఆ కొద్ది ప్రయత్నాలతోనే మిగిలిన సీజన్‌ను ఊహించాలి. క్లెమెంటే మిగిలిన సీజన్‌లో 0.346 సాధించారు. చాలా గొప్ప ఆటే, కానీ 0.400 కాదు. అందరినీ కలిపి చూస్తే, కుదించిన అంచనాల మొత్తం వర్గ దోషం మామూలు సగటుల దోషంలో మూడో వంతు కంటే తక్కువ.

అయితే క్లెమెంటే విషయంలో ఈ పద్ధతి ఇచ్చిన అంచనా సుమారు 0.290 మాత్రమే. అంటే నిజంగా అసాధారణుడైన ఆటగాడిని ఇది మరీ కిందికి లాగేసింది. మొత్తం మీద మేలు జరగడమంటే ప్రతి ఒక్కరి విషయంలో మేలు జరగడం కాదని గుర్తుంచుకోవాలి.

రెండో ప్రశ్న: కెప్టెన్ల మనసు

మన ఉదాహరణలో క, గ సమానమే. అయినా చాలామంది కెప్టెన్లు ముందుగా కనే పిలుస్తారు. 0.400 అనే అంకె కళ్లకు కడుతుంది. కొత్తవాడైన జ ఎలా ఆడతాడో తెలియదు కాబట్టి చివరికి నెట్టేస్తారు. ఇవి కాక స్నేహాలు, ప్రతి ఆదివారం వస్తాడా అన్న నమ్మకం, వంపు బంతి వేయగల బౌలర్ అవసరం లాంటివి కూడా ఎంపికను నడుపుతాయి.

ఈ మొగ్గును అంకెల్లో పెట్టడానికి ప్లాకెట్–లూస్ నమూనా ఉంది. ఒక్కో ఆటగాడికి ఒక ‘ఆకర్షణ బరువు’ ఇస్తాం. ప్రతి వంతులో ఒకరు ఎంపికయ్యే అవకాశం, మిగిలిన వారందరి మొత్తం బరువులో అతని వాటా. గత డ్రాఫ్టులను బట్టి క బరువు 4, గ 3, చ 2, జ 1 అనుకుందాం.

మొదటి వంతులో క ఎంపికయ్యే అవకాశం 10లో 4, అంటే 40%. క వెళ్లిపోతే మిగిలిన బరువు 6. అప్పుడు గ అవకాశం 6లో 3, అంటే 50%. ఒకరు వెళ్లగానే మిగతా అందరి అవకాశాలూ మారిపోతాయి.

గ మొదటి రెండు వంతుల్లోనే వెళ్లిపోయే అవకాశం ఎంత?

మొదట్లోనే: 0.300
క తర్వాత: 0.4 × 3/6 = 0.200
చ తర్వాత: 0.2 × 3/8 = 0.075
జ తర్వాత: 0.1 × 3/9 = 0.033

మొత్తం 0.608, అంటే సుమారు 61%. కాబట్టి మూడో వంతు దాకా గ మిగిలి ఉండే అవకాశం 39%. మూడో వంతు ఉన్న కెప్టెన్ గ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో ఈ అంకె చెబుతుంది.

ఇప్పుడు అసలు విషయం. అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న పూర్తి వరస క, గ, చ, జ. అది అచ్చంగా అలాగే జరిగే అవకాశం 0.4 × 3/6 × 2/3 = 0.133. నలుగురే ఉన్నా, మనకు తెలిసిన అత్యుత్తమ జాబితా ఏడెనిమిది సార్లలో ఒక్కసారే నిజమవుతుంది. ఇరవై మంది ఉంటే సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ‘ఇదే వరస’ అని చెప్పే జాబితా మంచి అంచనా కాదు. ఒక్కొక్కరు ఏ వంతు లోపు వెళ్లే అవకాశం ఎంతో చెప్పేదే మంచి అంచనా.

అంచనాకు మార్కులు వేయడం

డ్రాఫ్ట్ ముగిశాక అంచనాను పరీక్షించాలి. వరసలను పోల్చడానికి చార్లెస్ స్పియర్‌మన్ 1904లో ప్రతిపాదించిన ర్యాంకు సహసంబంధం వాడవచ్చు. ఐదుగురికి మనం 1, 2, 3, 4, 5 అని ఊహిస్తే అసలు వరసలో వారికి 2, 1, 3, 5, 4 స్థానాలు వచ్చాయనుకోండి. తేడాల వర్గాల మొత్తం 4. సూత్రం ప్రకారం 1 − (6 × 4) ÷ (5 × 24) = 0.8. పూర్తిగా సరిపోతే 1, పూర్తిగా తిరగబడితే −1.

అవకాశాలను పరీక్షించడానికి గ్లెన్ బ్రయర్ 1950లో వాతావరణ సూచనల కోసం ఇచ్చిన కొలత ఉంది. 61% అని చెప్పింది జరిగితే దోషం 0.39 వర్గం, అంటే 0.152. జరగకపోతే 0.61 వర్గం, అంటే 0.372. ఏమీ తెలియక ప్రతిదానికీ 50% చెప్పేవారి దోషం ఎప్పుడూ 0.25. చాలా అంచనాల సగటు తీసినప్పుడు మన దోషం అంతకంటే తగ్గకపోతే, మన శ్రమ వల్ల ఉపయోగం లేనట్టే. అలాగే ‘పోయినేటి వరసే మళ్లీ వస్తుంది’ అనే సులువైన ఊహను కూడా మన నమూనా ఓడించగలగాలి.

చివరి పేరు

జ విషయానికి తిరిగి వద్దాం. మొదటి లెక్కలో అతని అంచనా 0.250, చ అంచనా 0.231. అయినా కెప్టెన్ల బరువుల్లో అతను అందరికంటే వెనుక. సమాచారం లేకపోవడాన్ని వాళ్లు నైపుణ్యం లేకపోవడంగా లెక్కగట్టారు. సమాచారం సున్నా అయితే నైపుణ్యం సున్నా కాదు, సగటు. ఒకవేళ కొత్తవారందరూ మొదటి ఏడు కాస్త తక్కువగానే ఆడతారని పాత అంకెలు చూపితే, జను లీగు సగటు వైపు కాక కొత్తవారి సగటు వైపు లాగాలి. అప్పుడూ అది అంకెల మీద ఆధారపడిన మాటే, ఊరికే అనుకున్నది కాదు.

దీని ప్రభావం ఆటతో ఆగదు. చివరికి ఎంపికైనవాడికి బ్యాటింగ్ అవకాశాలు తక్కువ వస్తాయి. అందువల్ల వచ్చే ఏడూ అతని గురించి సమాచారం తక్కువే ఉంటుంది, మళ్లీ చివరికే మిగులుతాడు. మన అంచనాను డ్రాఫ్టుకు ముందే అందరికీ చూపితే, కెప్టెన్లు దాన్నే చూసి ఎంచుకుంటారు. అప్పుడు మన అంచనా ఊహించడం మానేసి నడిపించడం మొదలుపెడుతుంది. కాబట్టి కెప్టెన్లు ఎవరిని పిలుస్తారన్న అంచనాను, ఎవరు బాగా ఆడతారన్న అంచనాను పక్కపక్కనే చూపించడం మంచిది. రెండింటి మధ్య తేడా ఎక్కడ ఎక్కువగా ఉందో, అక్కడ ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతూ ఉండవచ్చు.

మీరే చేసి చూడండి

1. ఒక ఆటగాడు 5 ప్రయత్నాల్లో 3 హిట్లు కొట్టాడు. పై పద్ధతిలో అతని అంచనా ఎంత? (జవాబు: 18 ÷ 65 = 0.277)
2. పై నలుగురిలో జ మొదటి రెండు వంతుల్లో ఎంపికయ్యే అవకాశాన్ని లెక్కకట్టండి. (జవాబు: 0.1 + 0.4 × 1/6 + 0.3 × 1/7 + 0.2 × 1/8 = సుమారు 0.235)
3. మీ వీధిలోనో, బడిలోనో జట్లు కట్టేటప్పుడు పిలిచే వరసను ముందే ఊహించి కాగితం మీద రాసి మడిచి పెట్టండి. తర్వాత స్పియర్‌మన్ సూత్రంతో మార్కులు వేసుకోండి. ఐదారు సార్లు చేశాక, ఎప్పుడూ చివరికే మిగిలే పేరు ఎవరిదో, అతనికి ఇప్పటివరకు ఎన్ని బంతులు ఆడే అవకాశం వచ్చిందో కూడా రాసి చూడండి.