పేరెవరి పేరున ఉంది?

ప్రొద్దుటూరు



నీ ఉత్తరం అందింది. పెద్దముడియం నల్లరేగడి శనగలు ఇన్నేళ్లూ గోతాల్లో లారీ ఎక్కి పోయేవి. వాటిని పిండి పట్టించినవాళ్లు సంచి మీద తమ పేరు అచ్చేసుకునేవాళ్లు. ఇప్పుడు నువ్వు పప్పూ పిండీ సొంత పేరుతో అమ్ముతున్నావు, వెబ్‌సైట్లో హైదరాబాదు ఆర్డర్లు కూడా వస్తున్నాయంటే మనసు నిండింది. "ఇదే పేరుతో ఇంకొకరు సైటు పెడితే ఏం చేయాలి మామా" అని అడిగినావు. చెప్తాను. దానికంటే ముందు నీ డొమైన్ పేరు ఎవరి పేరున ఉందో చూడు.

సైటు చేసిచ్చిన అబ్బాయే డొమైన్ కూడా కొన్నాడని రాసినావు. రిజిస్ట్రార్ కంపెనీ దగ్గర ఖాతా ఎవరిది? అందులోని ఈమెయిలు, ఫోన్ నంబరు ఎవరివి? అతనివే అయితే, డబ్బు నువ్విచ్చినా సరే, రికార్డు ప్రకారం ఆ పేరు అతనిదే. అతను మంచివాడే కావచ్చు. రేపు ఊరు మారితే, నంబరు మారితే, నీ అంగడి తాళం ఎక్కడుందో నీకే తెలియదు. ఈ వారంలోనే నీ పేరున ఖాతా తెరిచి డొమైన్‌ను అందులోకి మార్పించుకో. పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా అడిగేట్టు పెట్టుకో, ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉందో లేదో చూడు. ఆ ఖాతాకిచ్చే ఈమెయిలు మాత్రం అదే డొమైన్ మీద నడిచేది కాకూడదు. డొమైన్ చేజారిన రోజు ఆ మెయిలు కూడా పోతుంది, ఇక పాస్‌వర్డు మార్చుకునే దారే ఉండదు.

డొమైన్ సొంత చేను కాదమ్మా, కౌలు చేను. ఏడాదికో, మహా అయితే పదేళ్లకో కట్టుకుంటాం. కట్టడం మరిచిపోతే ఇంకొకరు దున్నుకుంటారు. 1999 క్రిస్మస్ రోజుల్లో మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీయే పాస్‌పోర్ట్.కామ్ పేరుకు రుసుము కట్టలేదు. హాట్‌మెయిల్ వాడేవాళ్లలో ఎందరో లోపలికి పోలేక ఇబ్బంది పడినారు. మైకేల్ చేనీ అనే అమెరికా ప్రోగ్రామరు తన డబ్బు 35 డాలర్లు కట్టి ఆ పేరును నిలబెట్టినాడు. అందరికీ అట్లాంటి పుణ్యాత్ముడు దొరకడు. నువ్వు అయిదేళ్లకు ఒకేసారి కట్టెయ్. "మీ డొమైన్ గడువు అయిపోతోంది, ఈ లింకులో కట్టండి" అనో, "మీ పేరును ఇంకో దేశం కంపెనీ అడుగుతోంది, మీరే ముందు కొనండి" అనో మెయిళ్లు వస్తాయి. వాటిని ముట్టుకోవద్దు. రిజిస్ట్రార్ సైటులోకి నీ అంతట నువ్వే పోయి గడువు చూసుకో.

ఇక నువ్వడిగిన సంగతి. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ సైటు మీద కేసు పెట్టించింది. అప్పట్లో దేవస్థానం సైటు చిరునామా తిరుపతిబాలాజీ.ఏపీ.గవ్.ఇన్. మోసగాళ్లది తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్.ఆర్గ్. చుక్కలుండాల్సిన చోట అడ్డగీతలు, చివర ఇన్‌కు బదులు ఆర్గ్, అంతే తేడా. దర్శనం టికెట్ల తొందరలో ఉన్న భక్తుడి కంటికి అదెట్లా ఆనుతుంది? అప్పటికే 40 నకిలీ సైట్ల మీద కేసులున్నాయి, ఇది 41వది. 2024 జనవరిలో దేవస్థానం తన సైటు పేరే మార్చుకుంది. చిరునామాను చివరి నుంచి వెనక్కి చదవడం అలవాటు చేసుకో. గవ్.ఇన్ అని ముగిసే పేరు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఆర్గ్ అయితే ఎవరైనా కొనొచ్చు, దాని ముందు ఎన్ని అడ్డగీతలు గీసినా అదంతా ఒక్క పేరే.

మన తెలుగు పేర్లకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు 'త'కు టీ రాస్తే ఇంకొకరు టీహెచ్ రాస్తారు. 'శ'కు ఒకరు ఎస్, ఇంకొకరు ఎస్‌హెచ్. నీ పేరును జనం ఎన్ని రకాలుగా రాస్తారో నలుగురి చేత రాయించి చూడు. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ, ఎక్కువమంది రాసే ఇంకో రూపమూ కొని, అన్నీ ఒకే సైటుకు చేరేట్టు పెట్టించు. అంతకు మించి కొనుక్కుంటూ పోతే పిండి లాభమంతా వాటికే పోతుంది.

మన దేశంలో డొమైన్ పేర్లకంటూ ప్రత్యేక చట్టం లేదు. అయినా రక్షణ ఉందని సుప్రీంకోర్టు 2004 మే 6న తేల్చింది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోంచే 'సిఫీ' అనే మాట కల్పించుకుని 1999లో డొమైన్లు తీసుకుంది. 2001లో ఇంకో కంపెనీ ఇంగ్లీషులో ఒక్క ఎఫ్ ఎక్కువ పెట్టి 'సిఫ్ఫీ' అని మొదలుపెట్టింది. అది కంపెనీ పెట్టిన మా అయిదుగురి పేర్లలోని తొలి అక్షరాలని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. డొమైన్ అంటే ఉత్త చిరునామా కాదు, సరుకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పే గుర్తు అంది. ముందు నుంచీ వాడుతున్నది ఎవరు, జనం ఆ పేరు వింటే ఎవరిని తలుచుకుంటారు అన్నవే అక్కడ తూకానికొచ్చినాయి. సిఫీ చేతిలో 5 లక్షల పైచిలుకు చందాదారుల లెక్క ఉంది. నీకు లక్షలు అక్కర్లేదు. తేదీలున్న బిల్లులు, కొరియర్ రసీదులు, కొన్నవాళ్లు పంపిన మెసేజీలు, సంచి అచ్చేయించిన ప్రెస్సు బిల్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టు. చిన్న వ్యాపారాలు ఓడిపోయేది చాలాసార్లు ఈ ఫైలు లేకనే అని నా నమ్మకం.

ఆ కేసులో నీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. సిఫీ అనేది కల్పించుకున్న మాట కాబట్టే దానికంత బలం. 'పెద్దముడియం శనగపిండి' అని పెట్టుకుంటే అది ఊరి పేరు, సరుకు పేరు. పక్క చేను రైతు కూడా అట్లాగే రాసుకుంటే అది కాపీ కాదు, అతనికీ అంతే హక్కుంది, దాని మీద తగాదాకు పోవద్దు. సరుకుకు నువ్వు పెట్టుకున్న ముద్దుపేరే నీ ఆస్తి, దాన్ని కాపాడుకో.

నిజంగానే ఎవరైనా కాపీ కొడితే, ఫోను చేసి తిట్టడానికి ముందు తేదీ కనపడేట్టు స్క్రీన్‌షాట్లు తీసి దాచు. ఫొటోలూ రాతలూ ఎత్తుకుపోయి ఉంటే కాపీరైటు నీదే, దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆ సైటును నడిపే హోస్టింగ్ కంపెనీకి, గూగుల్‌కు ఫిర్యాదు పెట్టు. ఒరిజినల్ ఫొటోలు ఫోన్లోంచి చెరపొద్దు. నీ పేరు చెప్పి జనం దగ్గర డబ్బు లాగుతుంటే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్. ఐటీ చట్టం 66డీ కింద అది మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం. పోలిన పేరు డాట్ ఇన్‌లో ఉంటే, ఆ పేర్లను చూసే నిక్సీ దగ్గర మధ్యవర్తి విచారణ అడగొచ్చు. ఆ పేరు నీదాన్ని పోలి జనాన్ని తికమక పెడుతోందని, వాళ్లకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, చెడు ఉద్దేశంతో తీసుకున్నారని మూడూ చూపిస్తే దాన్ని నీకు ఇప్పిస్తారు. డాట్ కామ్ అయితే జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థకు పోవచ్చు గానీ, అక్కడ ఒక్క విచారణకే రుసుము 1,500 డాలర్లు. దాని జోలికిప్పుడు పోవద్దు.

ఆ ఖర్చులో చిన్న ముక్కతో ట్రేడ్‌మార్కు చేయించుకో. చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. పిండి 30వ తరగతి. మనకు చెన్నై కార్యాలయం. రిజిస్ట్రేషను పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. అది చేతికొచ్చేదాకా సంచి మీద టీఎం అని మాత్రమే వేయించు. వలయంలో ఆర్ గుర్తు ముందే వేస్తే జరిమానా పడుతుంది. దరఖాస్తులో ఆ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నావో అడుగుతారు, దానికి రుజువూ అడుగుతారు. నీ మొట్టమొదటి బిల్లు వెతికి పెట్టు, ఆదివారం ప్రొద్దుటూరు వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని నింపుదాం.

మీ మామ