సహాయ శిక్షకుడు – హకీం సాహెబు జీవితము నుండి ఒక పాఠము

క్రీడావార్తలు చదివేటప్పుడు మన కళ్ళు రెండు పేర్లను మాత్రమే వెదుకుతాయి. ఒకటి గోలు చేసినవానిది. రెండవది ప్రధాన శిక్షకునిది. గెలిస్తే దండలు, ఓడితే నిందలు ఈ ఇద్దరికే చెందుతాయి. కాని ఏ జట్టు వెనుకనైనా మూడవ వ్యక్తి ఒకడుంటాడు. తెల్లవారుజామున అందరికంటె ముందు మైదానానికి వచ్చేవాడు, కాలు బెణికిన కుర్రవాని చెంత కూర్చునేవాడు, ఎదుటి జట్టు ఆటను గట్టుమీద నిలబడి గమనించి ప్రధాన శిక్షకుని చెవిని వేసేవాడు ఆయనే. ఆయననే అసిస్టెంట్ కోచ్ అంటున్నాము. ఉర్దూలో ‘ఉస్తాద్’ అనే ఒక్క మాటలోనే గురువు, నేర్పరి, పనితనము తెలిసినవాడు ముగ్గురూ ఇమిడి ఉన్నారు. అయితే కచేరీలో నాయబ్ తహసీల్దారు ఉన్నాడు గాని, మైదానములో నాయబ్ ఉస్తాదు అనే మాట మేమెన్నడూ వినలేదు. పేరు లేని పనిని గౌరవించడము ఎవరికైనా కష్టమే.

అమెరికా కళాశాలలలో ఈ పని ఒక జీవితకాలపు వృత్తి. వారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనది కాదు; అందులో బంతి ఎక్కువగా చేతులలోనే ఉంటుంది, అయినా పేరు మాత్రము కాలిదే! ఆ ఆటలో దాడి చేసేవారు వేరు, అడ్డుకొనేవారు వేరు. కావున ఒక్క జట్టుకు అనేకమంది సహాయ శిక్షకులు కావలసివస్తుంది. ముందువరుసలో దాడికి కాపు కాసే ఐదుగురికే ప్రత్యేకముగా ఒక శిక్షకుడుంటాడు. ప్రధాన శిక్షకుని తొలగిస్తే సాధారణముగా సహాయకులు కూడ మూటాముల్లె సర్దుకొనవలసినదే. భార్యాబిడ్డలతో ఒక ఊరినుండి మరొక ఊరికి, ఒక కళాశాలనుండి మరొక కళాశాలకు తిరుగుతూ తల నెరసిపోయినవారు అక్కడ ఎందరో ఉన్నారు. వారిలో ప్రధాన స్థానానికి చేరేవారు కొద్దిమందే.

మన తెలుగునాట ఇట్టి జీవితము గడిపినవారిలో మాకు మొదట స్ఫురించే పేరు హైదరాబాదుకు చెందిన సయ్యద్ షాహిద్ హకీం. ఆయనను గూర్చి చెప్పేముందు తండ్రి రహీం సాహెబును తలచుకొనక తప్పదు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించారు, ఉస్మానియాలో చదివారు, బడిపంతులుగా జీవితము ప్రారంభించారు. ఈ మాట మా ఉపాధ్యాయ మిత్రులు గుర్తుంచుకొనవలె. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చి, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణము దక్కినది ఆయన శిక్షణలోనే. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మనవారు పలువురు వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడారు. నాలుగేండ్లు తిరిగేసరికి, 1956లో మెల్బోర్నులో అదే దేశము నాలుగవ స్థానములో నిలిచినది. బంతిని కాళ్ళకు అంటిపెట్టుకొనక వెంటనే అందించవలెనని ఆయన పట్టుపట్టేవారు. అలవాటు లేని కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టించేవారు. పద్యము అప్పజెప్పించి ఊరుకొనక అర్థము కూడ అడిగే పంతులు పద్ధతి ఇది. జకార్తా విజయము తరువాత ఏడాది తిరుగకుండానే, 1963 జూన్ 11న, క్యాన్సరుతో మరణించారు.

అట్టి తండ్రికి కొడుకై పుట్టడము వరమా, భారమా? 1960లో రోము ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టులో హకీం ఉన్నారు. శిక్షకుడు స్వయముగా తండ్రి, నాయకుడు పి.కె. బెనర్జీ. హంగరీతో 2–1 తేడాతో ఓడాము. ఫ్రాన్సుతో 1–1 సమము. పెరూతో 3–1 తేడాతో ఓడాము. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం హంగరీ మీద, పెరూ మీద గోల్సు చేశారు. ఈ మూడు ఆటలలో ఒక్కదానిలోనైనా హకీంకు దిగే అవకాశము రాలేదు. తండ్రి కొడుకును ఆడించలేదు. బంధుప్రీతి అనే మాట రాకుండా చూచుకొన్నారో, ఆటగాళ్ళను తూచి చూచి ఆ నిర్ణయానికి వచ్చారో మనము ఊహించవచ్చును గాని, ఆ యువకుడు మూడు ఆటలనూ బయటినుండి చూచినమాట నిజము. మా అభిప్రాయములో ఆయన శిక్షక జీవితము అక్కడనే మొదలయినది. లోపల ఆడేవానికి తన ముందున్న బంతి కనబడుతుంది. బయట కూర్చున్నవానికి మైదానమంతా కనబడుతుంది. అయితే ఆ చూపుకు చెల్లించే వెల తక్కువది కాదు.

తరువాత ఆయన వైమానిక దళములో పనిచేసి స్క్వాడ్రన్ లీడరుగా పదవీ విరమణ చేశారు. సర్వీసెస్ జట్టుకు ఆడారు. ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీగా 1988లో కతారులో జరిగిన ఆసియా కప్పు ఆటలను నడిపారు. రిఫరీ పని కూడ ఒక విధముగా ఇట్టిదే. బాగా చేస్తే ఎవరూ గమనించరు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు భారత జట్టు ప్రధాన శిక్షకుడు పి.కె. బెనర్జీ, సహాయ శిక్షకుడు హకీం. ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణము ఆగి ఆలోచించవలె. బెనర్జీ రహీం సాహెబు వద్ద ఆట దిద్దుకొన్నవారు. రోములో నాయకుడై ఆడినవారు. ఆనాడు బయట కూర్చున్న గురుపుత్రుడు ఇరువది రెండేండ్ల తరువాత ఆయన ప్రక్కన రెండవ స్థానములో కూర్చున్నారు. చాలామందికి అభిమానము అడ్డు వచ్చే సందర్భమిది. హకీం ఆ స్థానమును స్వీకరించి పని చేశారు. బంగ్లాదేశ్ మీద 2–0, మలేషియా మీద 1–0 గెలుపు. చైనాతో 2–2 సమము. క్వార్టర్ ఫైనలులో ఆట ముగియబోతుండగా సౌదీ అరేబియా ఒక్క గోలు చేసినది. అంతటితో మన కథ ముగిసినది. అట్టి ఓటమి తరువాత పత్రికలు ప్రధాన శిక్షకుని ప్రశ్నిస్తాయి. దుస్తులు మార్చుకొనే గదిలో తల వంచుకొని కూర్చున్న ఆటగాళ్ళ మధ్య తిరుగవలసినది మాత్రము సహాయకుడే.

ఆయన ఎల్లకాలము రెండవవాడుగానే ఉండిపోలేదు. మెర్డెకా పోటీలకు భారత జట్టు ప్రధాన శిక్షకుడయ్యారు. 1998లో ఆయన శిక్షణలో మహీంద్రా అండ్ మహీంద్రా జట్టు ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచినది. ఆయినప్పటికీ మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది ఆయన వార్ధక్యపు పని. 2017లో మన దేశములో జరిగిన పదునేడేండ్ల లోపు బాలుర ప్రపంచ కప్పు కొరకు కుర్రవాళ్ళను వెదికే బాధ్యతను డెబ్బది యేండ్లు దాటిన వయసులో ఆయన వహించారు. ఆ సంవత్సరమే ధ్యాన్‌చంద్ పురస్కారము లభించినది. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో కన్నుమూశారు. తండ్రి జీవితము 2024లో ‘మైదాన్’ పేరుతో హిందీ చిత్రమైనది. కొడుకు కథకు వెండితెర లభిస్తుందని మేమనుకోము. రెండవ స్థానములో కూర్చున్నవాని కథలో చివరి నిమిషపు గోలు ఉండదు గదా.

ఈ మాటలు హైదరాబాదుకే పరిమితము కావు. 2000 సంవత్సరములో సిడ్నీలో కంచు పతకము గెలిచిన కరణం మల్లేశ్వరి మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ. ఆమె పేరు తెలియనివారు లేరు. ఆమె చేత మొదట బరువు పట్టించిన నీలంశెట్టి అప్పన్నగారి పేరు మా తరగతిలో అడిగితే ఇద్దరు మాత్రమే చెప్పగలిగారు.

ఇక మన సంగతి. కొన్నేండ్ల క్రితము శృంగవరపుకోట వైపునుండి రైలులో కొత్తవలస వచ్చి చదువుకొనే విద్యార్థి ఒకడు ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికయినాడు. కాని పదకొండుగురిలో కాదు, అదనపు వారిలో. రెండు నెలలు సాయంకాలము బండి తప్పించుకొని మరీ వచ్చాడు. పోటీలు ముగిసేవరకు అతనికి ఒక్క ఆట దక్కలేదు. తరువాత మైదానానికి రావడము మానాడు; కొన్నాళ్ళకు మా తెలుగు తరగతికి కూడ రాలేదు. హాజరుపట్టికలో ఎర్రసిరాతో గుర్తు పెట్టినది మేమే. పిలిచి అడుగవలెనన్న తలంపు మాకు కలుగలేదు. అది మా లోపము. అతని ప్రక్కన కూర్చుని, నీవు బయటినుండి ఏమి చూచినావు చెప్పుమని అడిగే మనిషి ఆనాడు మైదానములో లేడు.

వ్యాయామాధ్యాపకుడు ఒక్కరే అన్ని ఆటలకూ, అందరు పిల్లలకూ చాలరు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఇది: ఆటను వదలలేని పూర్వ విద్యార్థి నొకనిని సాయంకాలపు రెండు గంటలకు సహాయ శిక్షకుడుగా నియమించి, రైలు ఖర్చులతో పాటు చిన్న వేతనమైనా ఏర్పాటు చేయవలెను. అదనపు ఆటగాళ్ళ పట్టిక ఆయన చేతిలో ఉండవలెను. ఈ జాబితాలో వరుసగా మూడు రోజులు రాని పేరు ఉంటే, ఆయన మొదట మా వద్దకు వచ్చి చెప్పవలెను.