విమానం ఎక్కే ముందు ఒక రోజు బోధన్‌లో

మొన్న నిజామాబాద్‌లో ఒక కుర్రాడు తన ఎస్‌ఓపీ తెచ్చి చూపించాడు. బిజినెస్ మాస్టర్స్‌కి ఎందుకు వస్తున్నాడో విదేశీ యూనివర్సిటీకి చెప్పుకునే రెండు పేజీల రాత అది. ‘చిన్ననాటి నుంచి వ్యాపార రంగంపై నాకు మక్కువ’ అని మొదలైంది. చివరిదాకా చదివినా అందులో ఆ కుర్రాడు కనిపించలేదు. కాగితం పక్కన పెట్టి, మీ నాన్న ఏం చేస్తారని అడిగాను.

“బోధన్ పక్క ఊరు సార్ మాది. బాపు చెరుకు ఏసేటోడు. ఈడ ఫ్యాక్టరీ మూతవడ్డంక చెరుకు దూరం పోయేది. ఆడ లారీలు లైన్ల నిలవడితే రెండు దినాలు. ఎండకు బరువు తగ్గేది, పైసలు తగ్గేవి. బాపుకు నిద్ర వట్టకపోయేది.”

ఈ నాలుగు మాటల్లో సప్లై చైన్ పాఠం సగం ఉంది. కోసిన చెరుకులో ఆలస్యమైన కొద్దీ చక్కెర తగ్గిపోతుంది. అందుకే పొలాల నడుమే ఫ్యాక్టరీ కావాలి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లొచ్చాయి, చెరుకొచ్చింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. పెద్ద బిజినెస్ స్కూళ్లు కంపెనీల కథలనే పాఠాలుగా చెబుతాయి. అలాంటి కథ మన ఊళ్లోనే ఉంది. విదేశానికి బయల్దేరే ముందు వెళ్లి చూడండి. రిటైరైన కార్మికుడిని, చెరుకు మాని వరికి మళ్లిన రైతును అడగండి. గేటు ముందున్న చాయ్ దుకాణం లెక్క ఎలా మారిందో కూడా అడగండి.

నిజామాబాద్ పసుపు యార్డుకూ ఒక పొద్దున వెళ్లండి. కొమ్ము ధర వేరు, మండ ధర వేరు ఎందుకో కనుక్కోండి. పక్కనే ఇంత పెద్ద మార్కెట్ ఉండగా కొందరు రైతులు కిరాయి పెట్టుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా ఎందుకు వెళ్తారు? దీనికి మీ సొంత జవాబు దొరికితే అడ్మిషన్ ఇంటర్వ్యూలో మాటల కోసం తడుముకోరు.

డిగ్రీ చేతికి రాగానే ఎంబీఏకి పరుగెత్తకండి. మంచి ఎంబీఏలు కొన్నేళ్ల ఉద్యోగ అనుభవం చూస్తాయి. అప్పుడే చదువు ముగించిన వాళ్లకు మేనేజ్‌మెంట్ మాస్టర్స్ వేరే ఉంది. మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూనే వారాంతాల్లో షికాగో వెళ్లి చదివి 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి అడోబ్ సీఈఓ అయిన శంతను నారాయణ్ కూడా ఉద్యోగం చేస్తూనే బర్క్‌లీలో ఎంబీఏ చేశారు. నా మాట వింటే, రెండేళ్లు ఏదైనా పని చేయండి. రైస్‌మిల్లులో లెక్కలైనా సరే.

ఇక డబ్బు. ఇక్కడ మొహమాటం వద్దు, అమ్మానాన్నల ముందు కూర్చుని లెక్క రాయండి. 30 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ 41 వేలు దాటుతుంది. చదువుకునే రోజుల వడ్డీ దీనికి అదనం. తిరిగొచ్చి హైదరాబాద్‌లో 35 వేల ఉద్యోగంలో చేరితే ఆ కిస్తీ ఎవరు కడతారు? తాకట్టు పెట్టేది అమ్మానాన్నల ఆస్తి. అర్హత ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా రెండు విడతల్లో ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులు ముందు ఆ తలుపు తట్టాలి.

దేశం ఎంచుకునేటప్పుడు చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారో చూడండి. అమెరికాలో చదువయ్యాక పని చేసుకునే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి. అన్ని ఎంబీఏలూ ఆ జాబితాలో ఉండవు, ఫీజు కట్టక ముందే యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి. బ్రిటన్‌లో 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు ఆ గడువు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. అక్కడ కోర్సు ఏడాదే. సెప్టెంబరులో దిగేసరికి పెద్ద కంపెనీల దరఖాస్తులు మొదలైపోయి ఉంటాయి. పచ్చళ్లు సర్దుకునే వారంలోనే సీవీ సిద్ధమై ఉండాలి.

వారం తర్వాత కుర్రాడు మళ్లీ వచ్చాడు. ‘కోతలు మొదలైతే మా నాన్న కాటా చీటీ చూడందే అన్నం ముట్టేవాడు కాదు’ అని మొదలుపెట్టాడు కొత్త రాత. ఇనప్పెట్టెలో దాచిన పాత చీటీ ఒకటి కూడా తెచ్చాడు. కాటా బరువు పక్కన పెన్సిల్‌తో ఇంకో అంకె ఉంది, పొలంలో బాపు వేసుకున్న అంచనా అది. ఆ రెండింటి మధ్య తేడాను కుర్రాడు రెండో పేరాలో రూపాయల్లోకి మార్చి రాశాడు.