మన చిత్తం, మన మెదడు



"సిస్టర్, ఈయన ఇలాంటి మనిషి కాదు. ఏమైనా పట్టిందా?" అని కుటుంబ సభ్యులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. దేవుడు మనిషికి స్వేచ్ఛా చిత్తం ఇచ్చాడని మనం నమ్ముతాము. అయితే ఆ చిత్తం పనిచేసేది సుమారు 1,400 గ్రాముల మెదడు ద్వారానే. మెదడుకు ఇబ్బంది వస్తే చిత్తం కూడా బలహీనమవుతుంది.

1. చక్కెర తగ్గినప్పుడు

షుగరుకు మందులు వాడేవారికి రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు రావచ్చు. ఇంకా తగ్గితే మెదడుకు ఆహారం చాలక, ఎంతో శాంతంగా ఉండేవారు కూడా తిడతారు, చెయ్యి విసురుతారు. మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. తేరుకున్నాక తాము అన్న మాటలు వారికి గుర్తుండకపోవచ్చు. మీరు కూడా వాటిని మనసులో పెట్టుకోవద్దు.

2. మందుల వలన

పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వలన కొందరికి జూదం మీద, అనవసరపు కొనుగోళ్ల మీద ఆపుకోలేని కోరిక పుడుతుంది. డాక్టరుగారు మోతాదు తగ్గించినా, మందు మార్చినా చాలామందికి అది తగ్గిపోతుంది. సిగ్గుపడి దాచవద్దు. మీ అంతట మీరు మందు ఆపవద్దు.

3. మరి మన బాధ్యత లేదా?

అంతా మెదడే చేయిస్తే మన తప్పేముంది అని కొందరంటారు. 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు బెంజమిన్ లిబెట్ ఒక పరిశోధన ప్రచురించారు. చెయ్యి కదపాలన్న కోరిక మనిషికి తెలియడానికి సుమారు మూడో వంతు సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలవుతుందని అందులో చూపారు. ఆ సంకేతమే నిర్ణయమా అన్నది ఇంకా తేలలేదు. కదిలే లోపల "వద్దు" అని ఆపుకునే శక్తి మనిషికి ఉందని లిబెట్ నమ్మారు.

తాగుడు మానలేనివారికి సారా దుకాణం ముందు నిలబడ్డాక "వద్దు" అనడం చాలా కష్టం. ఉదయం తెలివిగా ఉన్నప్పుడు కూలి డబ్బు భార్య చేతికి ఇప్పించే ఏర్పాటు చేసుకోవడం, వేరే దారిన ఇంటికి రావడం, సంఘంలో ఒకరిని తోడు అడగడం వారు చేయగలరు. అది కూడా చిత్తమే. చాలాకాలం రోజూ తాగినవారు ఇంట్లో ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. అందుకని ముందు డాక్టరుగారిని కలవాలి.

తాను కోరిన మంచిని చేయలేకపోతున్నానని పౌలు భక్తుడే రోమా పత్రిక 7వ అధ్యాయంలో బాధపడ్డాడు. కనుక మీ ఇంట్లో ఎవరి ప్రవర్తన అయినా అకస్మాత్తుగా మారితే, పాపమని తీర్పు తీర్చకముందే పరీక్ష చేయించండి. వారి కోసం ప్రార్థించండి, వారి పక్కనే ఉండండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్